పుస్తకానికి పేరు పెట్టేదెవరు?

గ్రంథాలయ సిబ్బందికి వెబ్ పరికరాల్లో శిక్షణ అనగానే మన సంస్థల్లో చాలామందికి అదొక కంప్యూటర్ క్లాసులా అనిపిస్తుంది. ఎవరో ఒకబ్బాయి వచ్చి రెండు రోజులు నేర్పి వెళతాడు, సర్టిఫికెట్లు పంచుతారు, వార్షిక నివేదికలో ఒక వాక్యం చేరుతుంది. హక్కుల పత్రికలో చర్చించాల్సిన విషయంగా దాన్ని ఎవరూ చూడరు. చూడాలని నేనంటాను. ఆ పరికరాల్లో ముఖ్యమైన ట్యాగింగ్ మన ముందుకు తెచ్చే ప్రశ్న సాంకేతికమైనది కాదు. ఒక పుస్తకాన్ని ఏ పేరుతో పిలవాలి, ఆ పేరు పెట్టే అధికారం ఎవరిది అన్నదే ఆ ప్రశ్న. పేరుపెట్టే అధికారం గురించి స్త్రీల ఉద్యమానికి కొత్తగా చెప్పాల్సింది లేదు. ఇంటిపేరు దగ్గర్నుంచి కేసు పేరు దాకా మనం పోట్లాడుతూనే వచ్చాం.

ట్యాగు అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. ఒక పుస్తకానికో, ఫోటోకో, వ్యాసానికో దాన్ని చదివినవాళ్లు, చూసినవాళ్లు తమకు తోచిన మాటను తగిలిస్తారు. అదే మాటతో ఇంకొకరు వెతికితే అది దొరుకుతుంది. ఒక పుస్తకానికి పదిమంది పది మాటలు తగిలించొచ్చు. ఇంతే. గ్రంథాలయంలో ఇంతకాలం ఈ పని కేటలాగు తయారుచేసే ఉద్యోగిది. ఆమె కూడా తన సొంత మాట రాయడానికి వీల్లేదు. ఎక్కడో ఒక కమిటీ ఆమోదించిన జాబితాలోంచే మాటను ఎంచుకోవాలి.

ఆ జాబితాలు ఎలాంటివో చూడండి. మన దేశంలో కూడా చాలా గ్రంథాలయాల్లో పుస్తకాల వెన్నున అతికించిన చీటీల మీద కనిపించే అంకెలు మెల్విల్ డ్యూయీ 1876లో అమెరికాలో ప్రచురించిన దశాంశ పద్ధతివి. అందులో 390 ఆచారాలకు కేటాయించారు. 395 మర్యాదలు, 398 జానపద కథలు, 399 యుద్ధాచారాలు. వీటి మధ్యలో 396 స్త్రీలకు. అంటే స్త్రీల స్థితిగతుల మీద రాసిన పుస్తకం విందులో ఎలా కూర్చోవాలో చెప్పే పుస్తకానికీ, పేదరాశి పెద్దమ్మ కథలకూ మధ్య సర్దుకుని నిలబడాలి. తర్వాతి కూర్పుల్లో సామాజిక వర్గాల కిందికి, 305.4కి మార్చారు.

డ్యూయీ గురించి ఇంకొక మాట. గ్రంథాలయ విద్యలోకి స్త్రీలను రానిచ్చినవాడిగా ఆయన్ని పొగుడుతారు. నిజమే, 1887లో కొలంబియాలో ఆయన పెట్టిన బడిలో ఎక్కువమంది స్త్రీలే. అయితే తోటి మహిళా లైబ్రేరియన్లను ఆయన వేధించాడన్న ఫిర్యాదులు 1906 నాటికే బయటికొచ్చి, అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ పనుల నుంచి ఆయన తప్పుకోవాల్సి వచ్చిందన్న సంగతిని పాఠాల్లో అంత గట్టిగా చెప్పరు. ఆ సంఘం తన పతకానికున్న ఆయన పేరును 2019లో తీసేసింది. నూట పదమూడేళ్లు పట్టింది.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ విషయ శీర్షికల జాబితా ప్రపంచమంతా వాడే మరో జాబితా. అందులో చాలాకాలం డాక్టర్లంటే డాక్టర్లే. స్త్రీలైతే ‘డాక్టర్లుగా స్త్రీలు’ అని వేరే శీర్షిక. నాటకంలో వేషం కట్టినట్టు! శాన్ఫర్డ్ బెర్మన్ అనే లైబ్రేరియన్ 1971లో ఈ జాబితాలోని వివక్ష మీద పుస్తకమే రాశాడు. జోన్ మార్షల్ 1977లో లింగ వివక్ష లేని పదకోశాన్ని తయారుచేసింది. లైబ్రేరియన్లు ఉత్తరాలు రాసి, సభల్లో నిలదీసి, ఒక్కొక్క మాట కోసం పోరాడారు. ఆ ‘గా’ 1970లలో పోయింది. పోరాటం మాత్రం పోలేదు. పత్రాలు లేకుండా అమెరికాలో ఉంటున్న వలస మనుషులను ‘అక్రమ పరాయివాళ్లు’ అనే శీర్షిక కింద పెట్టడాన్ని డార్ట్‌మత్ కాలేజీ విద్యార్థులు 2014లో ప్రశ్నించారు. 2016లో లైబ్రరీ మారుస్తామంది. అమెరికన్ కాంగ్రెస్‌లో రాజకీయ నాయకులు అడ్డుపడ్డారు. చివరికి 2021లో మారింది. ఒక్క శీర్షికకు ఏడేళ్లు!

ఇంత నింపాదిగా కదిలే వ్యవస్థ పక్కన ట్యాగింగ్ పుట్టింది. 2003లో డెలిషస్ అనే వెబ్‌సైట్‌లో జనం తమకు నచ్చిన పేజీలకు తమ మాటలు తగిలించి దాచుకోవడం మొదలుపెట్టారు. 2005లో వచ్చిన లైబ్రరీథింగ్‌లో తమ ఇంట్లో ఉన్న పుస్తకాలకు తామే పేర్లు పెట్టుకున్నారు. ఏ కమిటీనీ అడగలేదు.

గ్రంథాలయ సిబ్బంది దీన్ని ఎలా నేర్చుకున్నారన్నది నాకు చాలా ఆసక్తి కలిగించిన విషయం. 2006లో అమెరికాలోని షార్లెట్, మెక్లెన్‌బర్గ్ కౌంటీ పబ్లిక్ లైబ్రరీలో హెలెన్ బ్లవర్స్ అనే ఆమె తన సహోద్యోగుల కోసం ‘ఇరవైమూడు పనులు’ అనే కార్యక్రమం రూపొందించింది. బ్లాగు పెట్టడం, ఫోటోలు ఎక్కించడం, వికీలో రాయడం, ట్యాగులు తగిలించడం ఇలా చిన్నచిన్న పనులు. ఉపన్యాసం లేదు, పరీక్ష లేదు. కౌంటర్ దగ్గర పుస్తకాలిచ్చే ఆమె అయినా, పై అధికారి అయినా తమకు వీలున్నప్పుడు ఒక్కొక్కటి చేసి చూసి, ఏమనిపించిందో సొంత బ్లాగులో రాసుకోవాలి. మొత్తం పూర్తిచేసినవాళ్లకు ఒక ఎంపీత్రీ ప్లేయర్ ఇచ్చారు. ఆ పద్ధతిని ఎన్నో దేశాల గ్రంథాలయాలు తీసుకుని తమకు తగ్గట్టు మార్చుకున్నాయి. మనం వయోజన విద్యలో చెప్పుకుంటూ వచ్చింది కూడా ఇదే కదా? అక్షరం నేర్పేవాళ్లు నేర్చుకునేవాళ్ల మాటతో మొదలుపెట్టాలని.

పాఠకులకు తలుపు తెరిస్తే చెత్త పేరుకుపోతుందని భయపడ్డవాళ్లు అక్కడా ఉన్నారు. 2008 జనవరిలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన పాత ఫోటోలు మూడు వేల దాకా ఫ్లికర్ అనే వెబ్‌సైట్‌లో పెట్టి, ఎవరైనా ట్యాగులు తగిలించొచ్చంది. ఆ ఏడాది అక్టోబరు నాటికి రెండున్నర వేలమంది కలిసి 67 వేలకు పైగా ట్యాగులు తగిలించారు. అనుచితమని తీసేయాల్సి వచ్చినవి పాతిక కూడా లేవు. ఫోటోల్లోని ఊళ్లను, మనుషులను గుర్తుపట్టి చెప్పినవాళ్లున్నారు.

మన దగ్గరికి వద్దాం. నేను చూసుకునే చిన్న గ్రంథాలయానికి వచ్చే ఆడవాళ్లలో ‘గృహహింస’ అనే మాటతో అడిగేవాళ్లు తక్కువ. అది 2005 నాటి చట్టం పేరులోని మాట. మన కరపత్రాల్లోని మాట. వాళ్లు ‘కొడుతున్నాడు’ అంటారు. ‘ఇంట్లోంచి గెంటేశాడు’ అంటారు. ‘పుట్టింటికి పొమ్మంటున్నారు, పోకుండా ఉండొచ్చా మేడమ్’ అంటారు. ఆ ప్రశ్నకు జవాబు ఆ చట్టంలోని 17వ సెక్షన్‌లోనే ఉంది. ఇల్లు ఆమె పేరున లేకపోయినా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. కానీ కేటలాగులో ఆ పుస్తకం ‘గృహహింస, చట్టాలు’ అనే శీర్షిక కింద ఉంటుంది. ఆమె మాటకూ ఆ శీర్షికకూ మధ్య దారి వేసేది నాలాంటి ఒక మనిషి. ఆ మనిషి ఆరోజు సెలవులో ఉంటే దారి లేదు. ‘ఇంట్లోంచి గెంటేశాడు’ అన్నది ఆ పుస్తకానికి ఒక ట్యాగుగా ఎందుకు ఉండకూడదు? భాష బాగాలేదంటారా? బాగాలేనిది భాషా, జరిగిన పనా?

ఇంకో ఉదాహరణ. 2024 జూలై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. 498ఏ ఇప్పుడు 85, 86 సెక్షన్లయింది. ఆడవాళ్ల నోట మాత్రం అది ఇంకా ‘ఫోర్ నైంటీ ఎయిట్ కేసే’. మన దగ్గరున్న పాత పుస్తకాలన్నిటి మీదా ఆ అంకే ఉంది. కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన లాయరమ్మాయి 85 అని వెతికితే నలభై ఏళ్ల అనుభవం ఆమెకు కనిపించదు. రెండు అంకెలనూ కలిపే ట్యాగు పెట్టడానికి ఎవరి అనుమతి కోసం ఎదురుచూడాలి?

దేవదాసీ వ్యవస్థ సంగతి చూడండి. మన రాష్ట్రంలో 1988లో వచ్చిన నిషేధ చట్టం పేరులో ఉన్నది ‘దేవదాసీలు’. తెలంగాణ పల్లెల్లో జోగిని అంటారు, రాయలసీమలో బసివి అంటారు, చిత్తూరు వైపు మాతమ్మ అంటారు. వీటి మధ్య ఆచారంలో తేడాలున్నాయి, ఆ స్త్రీల బతుకుల్లో తేడాలున్నాయి. అన్నిటినీ ఒకే శీర్షిక కింద కుక్కితే ఆ తేడాలు పోతాయి. విడివిడిగా వదిలేస్తే, మాతమ్మగా బతికిన స్త్రీకి జోగినిల పోరాటం గురించి తెలిసే వీలుండదు. ఎవరి మాట వాళ్లకు ఉంటూనే మాటలన్నీ ఒకదానికొకటి తెలిసుండాలి. కాగితం కార్డుల మీద ఈ పని కష్టం. ట్యాగులతో తేలిక.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట పేరు మోగించిన సారా వ్యతిరేక ఉద్యమం కత్తిరింపుల ఫైలును ఏ శీర్షిక కింద పెట్టాలి? మద్యనిషేధమా, అక్షరాస్యతా, ఎక్సైజు ఆదాయమా, కూలి డబ్బులా, ఇంట్లో దెబ్బలా? ఉద్యమం అన్నిటి గురించీ జరిగింది. ఫైలు ఒక అరలోనే ఉండగలదు. రంగనాథన్ 1933లోనే తన కోలన్ వర్గీకరణలో ఒక విషయానికి అనేక ముఖాలుంటాయని గుర్తించాడు. అయినా ఆ ముఖాలు ఏవో నిర్ణయించేది వర్గీకరించే మనిషే. వేలంపాటను అడ్డుకున్న స్త్రీని అడిగితే ఆమె చెప్పే ముఖం ఆ పట్టికలో ఉంటుందన్న హామీ లేదు.

పాత మాటల సంగతి కొంచెం చిక్కుగా ఉంటుంది. ‘మానభంగం’ అన్న మాటనే తీసుకోండి. నేరం చేసింది అతను, భంగమైంది ఆమె మానం! ఆ మాటను వదిలించుకోవడానికి మనం ఎంత మాట్లాడామో, ఎంత రాశామో. ‘ఈవ్ టీజింగ్’ అనే మాట వాడొద్దని, అది వీధిలో జరిగే లైంగిక వేధింపని 2023లో సుప్రీంకోర్టు తెచ్చిన చేతిపుస్తకం కూడా చెప్పింది. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాక దళిత ఉద్యమం ‘హరిజన’ అన్న మాటను పక్కకు నెట్టి తన పేరు తాను పెట్టుకుంది. ఇదంతా గెలుచుకున్నదే. కానీ రేపు ఒక పరిశోధక విద్యార్థిని పాత పత్రికలు వెతకాలంటే ఈ పాత మాటలన్నీ ఆమెకు దొరకాలి. కనుక నా అభిప్రాయంలో పాత మాటను శీర్షిక స్థానం నుంచి దించాలి, దారిచూపే ట్యాగుగా ఉంచాలి. ఆ మాట కొట్టి వెతికినవాళ్లు కొత్త మాట దగ్గరికి చేరుకుంటారు. చెరిపేస్తే మన పోరాటం దేని మీదో కూడా చెరిగిపోతుంది.

గ్రంథాలయ శాస్త్రం చదువుకున్న మిత్రులు దీనికి అభ్యంతరం చెబుతారు. ఎవరికి తోచిన మాట వాళ్లు రాస్తే ‘స్త్రీవాదం’ అని ఒకరు, ‘ఫెమినిజం’ అని ఒకరు, తప్పు స్పెల్లింగుతో ఇంకొకరు రాస్తారు, పుస్తకాలు చెల్లాచెదురవుతాయి అంటారు. వాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. అభ్యంతరం ఇంకా లోతుకు కూడా వెళ్లాలి. జనం అన్నంతమాత్రాన జనం మాట మనకు న్యాయం చేస్తుందని నమ్మకం ఏమిటి?

2013 ఏప్రిల్‌లో అమండా ఫిలిపాకీ అనే అమెరికన్ నవలా రచయిత్రి న్యూయార్క్ టైమ్స్‌లో ఒక సంగతి బయటపెట్టింది. వికీపీడియాలో ‘అమెరికన్ నవలాకారులు’ అనే వర్గంలోంచి ఒక్కొక్క రచయిత్రినే తీసి ‘అమెరికన్ మహిళా నవలాకారులు’ అనే వర్గంలోకి పంపుతున్నారు. మగవాళ్లు ఉన్నచోటే ఉన్నారు. ఏ కమిటీ ఈ పని చేయమనలేదు. తలుపులు తెరిచి ఉన్నచోట, ఎవరైనా రాయగలిగినచోట, స్వచ్ఛందంగా జరిగింది. ‘డాక్టర్లుగా స్త్రీలు’ అనే పాత శీర్షిక మళ్లీ పుట్టినట్టే కదా! మన దగ్గర తలుపులు బార్లా తెరిస్తే 498ఏ పుస్తకాలన్నిటికీ ‘తప్పుడు కేసులు’ అని ట్యాగు తగిలించేవాళ్లు ఆరోజే వస్తారు. దళిత స్త్రీల రచనలకు కులం పేరుతో తిట్లు తగిలించేవాళ్లూ వస్తారు. అమెరికన్ లైబ్రరీ ఫోటోలకు వచ్చిన పాతిక లోపు లెక్క మనకు వర్తిస్తుందని నేను అనుకోను.

అయితే మాటల స్వేచ్ఛనూ మాటల క్రమాన్నీ కలిపి చూపించిన చోటు ఒకటుంది. అదీ ఎక్కువగా స్త్రీలే కట్టుకున్నది. పేరు ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’. వర్జీనియా వుల్ఫ్ పుస్తకం పేరును గుర్తుచేసేలా పెట్టుకున్నారు. తమకిష్టమైన కథల్లోని పాత్రలతో అభిమానులు రాసుకునే కథల భాండాగారం అది. 2009లో పాఠకులకు తెరిచారు, 2019లో హ్యూగో పురస్కారం వచ్చింది. అభిమానుల కథలు మనకెందుకు అనకండి, అక్కడి ట్యాగుల పద్ధతి చూడండి. రాసినామె తన కథకు ఏ మాటైనా ట్యాగుగా పెట్టుకోవచ్చు. ఆ మాటను ఎవరూ దిద్దరు. వెనకాల స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుని, ఒకే అర్థమున్న మాటలన్నిటినీ గుర్తించి ఒక ప్రధానమైన మాటకు ముడివేస్తారు. ఏ మాటతో వెతికినా అన్నీ దొరుకుతాయి. అత్యాచారం, తీవ్ర హింస ఉన్న కథలకు ముందే హెచ్చరిక పెట్టే ఏర్పాటు కూడా ఉంది. చదవాలా వద్దా అన్నది చదివేవాళ్లు నిర్ణయించుకుంటారు. బాధితులతో పనిచేసే మనకు ఈ ఏర్పాటు విలువేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇలాంటిది పెట్టుకోవడానికి పెద్ద సంస్థలు కానక్కర్లేదు. న్యూజీలాండ్‌లో ఒక చిన్న గ్రంథాలయ సంస్థ కోసం తయారై 2000లో వాడుకలోకి వచ్చిన కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాఠకులు ట్యాగులు తగిలించే వీలుంది. సిబ్బంది చూసి ఆమోదించాకే అందరికీ కనిపించేలా అమర్చుకోవచ్చు. తెలుగులో రాసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ మన చేతిలో ఉండడం గురించి నేను ఎందుకు పట్టుబడుతున్నానంటే, డెలిషస్ సంగతి చూశాం కాబట్టి. 2005లో యాహూ కొంది, తర్వాత అది చేతులు మారింది, 2017లో కొత్తగా ఏమీ చేర్చే వీలు లేకుండా ఆగిపోయింది. జనం ఏళ్ల తరబడి పేర్చుకున్న మాటలు ఎవరి వ్యాపార నిర్ణయానికో లోబడిపోయాయి. మన ఆడవాళ్ల మాటలను ఒక కంపెనీ పేజీలో పేర్చి, అది మూతపడ్డ రోజున తలపట్టుకోవడం నాకిష్టం లేదు.

ఇంకొక ప్రమాదం నన్ను ఎక్కువ భయపెడుతుంది. మనం పనిచేసే ఆడవాళ్లలో చాలామంది చేతిలో ఉన్న ఫోన్ వాళ్లొక్కరిదే కాదు. భర్త చూస్తాడు, కొడుకు చూస్తాడు, అత్త చూడమంటుంది. ఒకామె తన పేరుతో లాగిన్ అయి, ‘ఇంట్లోంచి గెంటేశాడు’ అని ఒక పుస్తకానికి ట్యాగు పెడితే, ఆ సంగతి ఎవరి కంట పడుతుంది? ఇలాంటి శిక్షణ పెట్టేవాళ్లు ‘పాల్గొనడం’ గురించి చాలా చెబుతారు, కనపడకుండా ఉండే హక్కు గురించి తక్కువ చెబుతారు. ఫలానా ఆమె ఏం చదివిందో ఎవరికీ చెప్పకపోవడం లైబ్రేరియన్ పాత ధర్మం. కొత్త పరికరాల ఉత్సాహంలో అది వెనక్కి పోకూడదు. ట్యాగు ఎవరు పెట్టారో కనిపించని ఏర్పాటు లేకపోతే ఆ ట్యాగును ఆమె చెప్పగా సిబ్బంది చేర్చాలి. అంతవరకు ఆమెను లాగిన్ కమ్మని అడగొద్దు.

ఇక్కడే డబ్బు సంగతి వస్తుంది. మాటలకు మాటలను ముడివేసే పని, తిట్లను ఏరేసే పని, ఆమె చెప్పిన మాటను ఆమె చెప్పినట్టే రాసే పని ఎవరు చేస్తారు? ఆ భాండాగారంలో స్వచ్ఛందంగా జరుగుతోంది. మన సంస్థల్లో గ్రంథాలయం చూసే ఆమె మీటింగుల భోజనాల లెక్క కూడా రాస్తుంది, వచ్చినవాళ్లకు టీలు కూడా ఇస్తుంది, జీతం అందరికంటే తక్కువ. ఆమె నెత్తిన ఇంకో పనిని ‘ఆధునికీకరణ’ పేరుతో పెట్టి, ఇంటిచాకిరీని లెక్కలోకి తీసుకోమని ప్రభుత్వాన్ని అడగడం మనకు తగునా? ప్రాజెక్టు ప్రతిపాదనల్లో కంప్యూటర్‌కు లక్ష రాస్తాం, ఆ కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి గంటలకు ఏమీ రాయం. దాతల సంస్థలు ఒప్పుకోవంటారు. అడిగి చూశామా?

వచ్చే సంవత్సరం బడ్జెట్లు ఇంకా ఖరారు చేయని సంస్థలు ఈ పనికి వారంలో ఒక రోజు జీతమైనా రాసుకోవాలని కోరుతున్నాను. శిక్షణ పెడితే గ్రంథాలయం చూసే ఆమెతో పాటు కౌన్సెలింగ్ చేసే ఆమెనూ, కోర్టుకు తోడు వెళ్లే ఆమెనూ కూర్చోబెట్టాలి. ఆడవాళ్లు వాడే మాటలు ఎక్కువ విన్నది వాళ్లే. మొదలుపెట్టడానికి కంప్యూటర్ కోసం ఆగక్కర్లేదు. ఒక నోటుపుస్తకంలో ఎడమవైపు వచ్చినామె అడిగిన మాట, కుడివైపు మనం ఇచ్చిన పుస్తకమో ఫైలో రాస్తూ పోతే ఆరు నెలల్లో మన ట్యాగుల జాబితా మన చేతిలో ఉంటుంది. దాన్ని పక్క జిల్లా సంస్థతో పోల్చి చూసుకోవచ్చు, ఆమె మాటకు మన మాటను ముడివేసుకోవచ్చు. ఆ నోటుపుస్తకంలో తేదీ రాయండి, ఊరు రాయొద్దు, ఆమె పేరు అసలే రాయొద్దు.